సిలార్ కొట్లో నౌరు దేశం

“డబ్బా ఇస్తావా, ఇయ్యవా?”

“ఇస్తానయ్యా, ఇయ్యనన్నానా? ఏ మందు కావాలి?”

“ఏదో ఒకటి. ఇయ్యి!”

“ఇస్తా. ముందు నేనడిగినదానికి చెప్పు. రాజధాని లేని దేశానికి ఉత్తరం రాయాలంటే ఏ ఊరి పేరు రాస్తావు?”

“నేనే దేశానికీ ఉత్తరాలు రాయను. మధ్యలో నీ దేశమేంది సిలారన్నా?”

“అదే చెప్తున్నా. చుట్టూ సముద్రం. మధ్యలో ఐదు వేల ఎకరాల నేల. అంతే దేశం. సైకిలేసుకుని పొద్దున్నే బయల్దేరావనుకో, టిఫిను వేళకి మళ్ళీ నీ ఇంటి ముందే ఉంటావు.”

“నాకు సైకిలొద్దు, టిఫినొద్దు. డబ్బా కావాలి!”

“దానికి రాజధాని లేదు. ఆఫీసులన్నీ యారెన్ అనే చోట...”

“ఆ దేశం మునిగిపోను!”

చెప్పులు టపటపలాడించుకుంటూ మనిషి మెట్లు దిగిపోయాడు. ప్లైవుడ్ గోడకు ఇవతల, తన ఎస్టీడీ బూత్‌లో కూర్చున్న శ్రీకృష్ణ కడుపు పట్టుకుని నవ్వాడు. పోయింది వెంకటనారాయణ అని గొంతును బట్టే తెలిసింది. వినుకొండ బస్టాండు వెనక వీధిలో, సిలార్ పురుగుమందుల కొట్లోంచి ఖాళీ చేతులతో, నిండు చెవులతో పారిపోయిన రైతుల్లో అతను మొదటివాడేం కాదు, అతనికి ఇది మొదటిసారీ కాదు.

సిలార్‌కి తాగుడు లేదు, పేకాట లేదు, చుట్ట కూడా లేదు. ఉన్నదల్లా ఒక్కటే పిచ్చి, నౌరు. పసిఫిక్ మహాసముద్రంలో, భూమధ్యరేఖకు కాస్త దిగువన, పటంలో ఈగ వాలినంత చుక్క. ఆ చుక్కను ఈ మనిషి వినుకొండ నెత్తిన తెచ్చిపెట్టాడు.

అది మొదలైంది సూపర్ ఫాస్ఫేటు బస్తాతో. సముద్రంలో ఎక్కడో పక్షుల రెట్టతో తయారైన దేశం ఒకటుందనీ, ఆ మట్టి తవ్వి ఎరువుకు అమ్ముకుంటారనీ ఎవరో కంపెనీ మనిషి మాటవరసకు అన్నాడు. అందరూ నవ్వి మర్చిపోయారు. సిలార్ మర్చిపోలేదు. నరసరావుపేటలో పాత పుస్తకాల కొట్టు నుంచి అట్టలేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి పట్టుకొచ్చి, పక్కన డిక్షనరీ పెట్టుకుని, నాలుగు పేజీలు మూడు నెలలు చదివాడు. అప్పట్నించీ సూపర్ బస్తా అడిగినవాడికి దాని ముత్తాతల చరిత్ర వినక తప్పేది కాదు. జనం ముందు “నౌరు సిలార్” అన్నారు. తర్వాత కాస్త తిప్పి “నోరు సిలార్” అన్నారు. అతను రెండింటికీ పలికేవాడు.

ఒకసారి ఒక ముసలాయన అంతా విని, తువ్వాలు దులుపుకుంటూ అడిగాడు.

“ఇంతకీ నౌరుకి బస్సు కారెంపూడి మీదుగా పోద్దా?”

“బస్సు పోదు తాతా. విమానం.”

“విమానం సంగతి సరే. కారెంపూడి దాకా మా అల్లుడొస్తాడు. అక్కణ్ణించి?”

కొత్త మందు అంటగట్టడానికి వచ్చిన కంపెనీ కుర్రాడి గతి ఇంకా అన్యాయం. అతను మందు గురించి నోరు తెరిచేలోపే సిలార్ అతన్ని నౌరు తీరంలో దింపాడు. కొబ్బరిచెట్లూ, మొగలిపొదలూ, నడిమధ్య చెరువూ తిప్పి పార్లమెంటు ముందుకు తెచ్చేసరికి కుర్రాడు సంచీ వదిలేసి బస్సెక్కేశాడు. వారం తర్వాత సంచీ కోసం వచ్చి, జెండా గురించి కూడా విని పోయాడు.

ఇంట్లో అతని భార్య మస్తాన్‌బీ మాత్రం భయపడలేదు. “కూరగాయలు తెమ్మంటే కొబ్బరికాయల దేశం చెప్తావు. ఆ దేశంలోనే ఇంకో పెళ్ళి చేసుకుని ఉండిపోరాదూ?” అనేది.

“అక్కడ పిల్లలు తల్లి తెగ కింద లెక్క. తండ్రికి విలువలేదు.”

“అట్టయితే మంచి దేశమే. నన్ను పంపు.”

శ్రీకృష్ణ నరసరావుపేటలో డిగ్రీ రెండో ఏడు మధ్యలో లెక్చరర్‌తో గొడవపడి, పుస్తకాలు అక్కడే పడేసి వచ్చినవాడు. ఒకచోట పావుగంట కూర్చోలేడు. అలాంటివాణ్ణి దేవుడు ప్లైవుడ్ గోడ పక్కన కూర్చోబెట్టి, రోజుకు మూడుసార్లు నౌరు వినిపించాడు.

“బాబాయ్, ఆ పార్లమెంటు కాస్త మెల్లగా నడుపు. ఫోన్లో మాటలు వినపడట్లేదంటున్నారు.”

“పద్దెనిమిది మందేరా కిష్టా! అందరూ కలిసి ఆర్టీసీ బస్సెక్కితే సగం సీట్లు ఖాళీ. వాళ్ళలోంచే ఒకణ్ణి ప్రెసిడెంటుగా ఎన్నుకుంటారు. నచ్చకపోతే దించేస్తారు. ఆమధ్య నాలుగు నెలల్లో నలుగుర్ని దించారంట, రేడియోలో విన్నా.”

“దిగినవాడు ఎటు పోతాడు?”

“ఎటు పోతాడు? ఐదు వేల ఎకరాల్లో ఎక్కడ దాక్కుంటాడు? పక్క కుర్చీలోనే కూర్చుంటాడు.”

ఒక్కటి మాత్రం శ్రీకృష్ణకు అంతు చిక్కలేదు. కొందరికి సిలార్ రెండు నిమిషాల్లో డబ్బా ఇచ్చి, ఎన్ని నీళ్ళలో కలపాలో చెప్పి, ముక్కుకు గుడ్డ కట్టుకోమని పంపేసేవాడు. కొందరికి మాత్రం దేశం మొత్తం, పన్నెండు తెగలతో సహా. ఎవరికి ఏది అనేది ఏ లెక్కకీ అందేది కాదు. నోటి తీటకు లెక్కేముంటుందిలే అనుకుని వదిలేశాడు.

ఆ ఏడు, తొంభై ఏడులో, పత్తి కాయ పట్టే వేళకి వాన దిగింది. వాన వెనకే పురుగు దిగింది. మందు కొడితే చావాల్సిన పురుగు, కొట్టిన మందు తాగి ఇంకా బలిసింది. పొద్దున పచ్చగా ఉన్న చేను వారానికల్లా పుల్లలై నిలబడింది. సంక్రాంతి నెల వచ్చేసరికి వీధిలో ఎవరూ గట్టిగా మాట్లాడటం మానేశారు.

భయం ఎక్కడో పొలాల్లో ఉంటే శ్రీకృష్ణ లెక్కచేసేవాడు కాదు. అది అతని బూత్‌లోకే వచ్చి కూర్చుంది. అద్దాల తలుపు మూస్తే లోపలి మాట వినపడదు, రిసీవరు పట్టుకున్న చెయ్యి మాత్రం కనపడుతుంది. పెళ్ళి కబురుకు ఆ చెయ్యి ఊగుతుంది. బేరానికి వేలు తిప్పుతుంది. చావు కబురుకు మాత్రం చెయ్యి తీగను మెలిపెడుతుంది. ఆ నెలలో తీగ మెలికలు తీసీ తీసీ అతని వేళ్ళు నొప్పెట్టాయి. పోయినవాళ్ళందరూ రైతులే. ఎట్టా పోయారని అడగడం కూడా జనం మానేశారు. ఎవరైనా బూత్‌లోకి అడుగుపెడితే చాలు, ముందు వాళ్ళ ముఖం చూడటానికి అతనికి దడ పుట్టేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సిలార్‌కి దవడ పన్ను పీకారు. ముఖం ఒకపక్క బూరెలా పొంగింది. రెండు రోజులు నోరు కదపొద్దన్నాడు డాక్టరు. జిల్లాలో పత్తి అంతా పోయినా సిలార్ నోట్లో ఇంత దూది మిగిలిందని శ్రీకృష్ణ వీధంతా చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం ప్లైవుడ్ గోడ మీద దబదబా మోత. శ్రీకృష్ణ విసుక్కుంటూ వెళ్ళాడు. కౌంటరుకు అవతల సిలార్, ఇవతల వెంకటనారాయణ. గడ్డం మాసి, కళ్ళు ఎటో పెట్టి నిలబడ్డాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

“డబ్బా ఇమ్మను కిష్టా,” అన్నాడు. గొంతులో కోపం లేదు. ఏమీ లేదు.

సిలార్ “ఊఁ, ఊఁ” అంటూ ఒక కాగితం శ్రీకృష్ణ చేతిలో కుక్కాడు. వంకర అక్షరాలు.

‘చేను దున్నేశాడు. మొన్న నా కళ్ళతో చూశా. పైరు లేనోడికి మందెందుకు? పోయి కోటేశ్వరిని తెస్తా. నేనొచ్చేదాకా నౌరులోనే ఉంచు.’

శ్రీకృష్ణ రెండోసారి చదవలేదు.  ఎవరికి రెండు నిమిషాలో, ఎవరికి దేశం మొత్తమో ఒక్కసారిగా తెలిసిపోయింది. తను ఇన్నాళ్ళూ గోడ పక్కన నవ్వింది దేనికో కూడా తెలిసింది. సిలార్ అల్మరాలకు తాళాలేసి, టీవీఎస్ బండెక్కి పోయాడు. వెంకటనారాయణది నాలుగు మైళ్ళ అవతల ఊరు. కోటేశ్వరి అతని భార్య. పోను రాను ముప్పావుగంట.

“ఏడకి పోయాడు?”

“గోడౌనుకి. మందు తెస్తాడు. కూర్చో మావా.”

“పక్క కొట్లో తీసుకుంటాలే.”

అతను మెట్లు దిగాడు. వీధిలో ఇంకో నాలుగు మందుల కొట్లున్నాయి, ఏ కొట్లోనూ నౌరు లేదు. అడ్డం పడితే తోసుకుపోతాడని శ్రీకృష్ణకు తెలుసు. కేక వేద్దామంటే ఏమని వెయ్యాలి?  ఆ భయంలో ఏం అంటున్నాడో తెలియకుండానే అరిచాడు.

“నౌరు హిందూ మహాసముద్రంలో ఉంది!”

వెంకటనారాయణ ఆగాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు.

“ఏందీ?”

“హిందూ మహాసముద్రంలో...”

“పసిఫిక్కు,” అన్నాడు వెంకటనారాయణ. “నీ చెవులేమన్నా కుదవబెట్టావా? రోజూ గోడ పక్కనే గదా ఉండేది.”

తప్పు చెప్పబట్టే మనిషి ఆగాడు. శ్రీకృష్ణకు దారి దొరికింది. కాలేజీలో రాసిన తప్పులన్నీ ఇప్పటికి పనికొచ్చాయి.

“దాని రాజధాని సిడ్నీ.”

“రాజధానే లేదురా మొద్దూ!” ఒక మెట్టు ఎక్కాడు.

“పార్లమెంటులో వంద మంది.”

“పద్దెనిమిది.” ఇంకో మెట్టు.

“జెండా మీద నెమలి.”

“నెమలి ఎవరు చెప్పార్రా నీకు? నక్షత్రం. పన్నెండు తెగలకి పన్నెండు మొనలు.” అంటూ వచ్చి సూపర్ బస్తా మీద కూలబడ్డాడు. “ఇట్టాంటి చదువు చదివావు గనకే బయటికి తోలారు.”

శ్రీకృష్ణ గోడ గడియారం చూశాడు. పది నిమిషాలే అయింది. తప్పులు అయిపోతున్నాయి.  ఇంతలో వెంకటనారాయణే అడిగాడు.

“నేలంతా తవ్వి ఓడలకెత్తారంట గదా. తవ్వాక ఏం మిగిలిందంట?”

“రాళ్ళు. నిలువెత్తు మొనలు. పైరు పోయిన చేలో పుల్లల్లాగా...” అనేసి నాలుక కరుచుకున్నాడు.  అనకూడని ఒక్క మాటా అనేశాడు.

వెంకటనారాయణ కూర్చున్న బస్తా కుట్టును గోటితో గీకాడు.

“మరి వాళ్ళు?”

“ఉన్నారు మావా. అంచుల్లో, కొబ్బరిచెట్ల కింద. చేపలు పట్టుకుంటా.”  ఎప్పుడో సగం విన్న ముక్క ఒకటి తగిలింది. “అదేదో పండగ చేసుకుంటారంట. వెయ్యి మంది అయితే...”

“పదిహేనొందలు,” అన్నాడు వెంకటనారాయణ విసుగ్గా. “తెలీకపోతే ఊరుకో. జ్వరాలొచ్చి జనం పోయారు. పదిహేనొందల మందన్నా లేకపోతే జాతి నిలవదన్నారంట. అప్పుడు ఒక్కొక్కళ్ళనీ లెక్కెట్టుకున్నారు. పదిహేనొందలో బిడ్డ పుట్టిన రోజు దేశమంతా పండగ. తర్వాత యుద్ధమొచ్చి మళ్ళీ తగ్గారు. మళ్ళీ లెక్క. మళ్ళీ పదిహేనొందలయ్యేదాకా కాసుకు కూర్చున్నారు. ఒక్క మనిషి తక్కువైనా పండగ లే...”

మాట అక్కడ ఆగిపోయింది. అతను తన అరచేతుల వంక చూసుకున్నాడు.  వీధిలో లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

“కాసిని మంచినీళ్ళియ్యి కిష్టా,” అన్నాడు వెంకటనారాయణ.

రెండు గ్లాసులు తాగాడు. ఇంకా చాలా చెప్పాడు. శ్రీకృష్ణ అడుగుతూనే ఉన్నాడు, ఈసారి నిజంగానే తెలియక.

టీవీఎస్ ఆగకముందే కోటేశ్వరి గొంతు వినపడింది.

“బువ్వ తినకుండా ఏడకొచ్చావయ్యా? ఈ మనిషేమో నోట్లో దూదెట్టుకుని వచ్చి ఊఁ ఊఁ అంటాడు. చేతులు తిప్పుతాడు. నాకు నౌరన్న ముక్క ఒక్కటే అర్థమైంది. నీకేదో అయిందని పడతా లేస్తా వచ్చా!” లోపలికొచ్చి మొగుడి చొక్కా గట్టిగా పట్టుకుంది. వదల్లేదు.

“నాకేమైంది? ఈ కిష్టాగాడికి దేశం చెప్తున్నా,” అన్నాడు వెంకటనారాయణ. “ఒక్క ముక్క రాదు వీడికి.”

“రాకపోతే పోనీ. పద, ముందు తిందువు.” తిడుతూనే అతని గుండీలు విప్పి సరిగ్గా పెట్టింది. ఇద్దరూ హోటలు వైపు వెళ్ళారు. సిలార్ వాళ్ళ వెనకే రెండు అడుగుల దూరంలో, దవడ పట్టుకుని నడిచాడు. సాయంత్రం మళ్ళీ వాళ్ళ ఊరెళ్ళి, వెంకటనారాయణ తమ్ముడితో కాగితం మీద మాట్లాడి వచ్చాడు. వారం రోజులు పొద్దున్నే ఆ ఇంట్లో టీ తాగొచ్చాడు.

సిలార్ నోట్లో దూది తీశాక శ్రీకృష్ణ అడిగాడు. “ఎట్టా కనిపెడతావు బాబాయ్?”

“పైరు కోసం వచ్చినోడు వంద అడుగుతాడురా. ఏ మందు, ఎన్ని నీళ్ళు, ఎప్పుడు కొట్టాలని. ‘ఏదో ఒకటియ్యి’ అన్నాడంటే నాకు భయమేస్తది. ఏం మాట్లాడాలో తెలవదు. నాకొచ్చిన కథ అదొక్కటే.”

“అందరూ నిన్ను తిట్టుకుంటా పోతారు.”

“పోనీ. తిట్టినోడు ఇంటికే పోతాడు.” సిలార్ దవడ తడుముకున్నాడు. మళ్ళీ ముఖంలో దిగులు కనపడింది. “అది కాదుగానీ కిష్టా, ఒక ఇబ్బందొచ్చింది. నారాయణకి దేశమంతా నోటికొచ్చేసింది. మిగతావాళ్ళకీ వచ్చేస్తది. రేపు నువ్వు నరసరావుపేట లైబ్రరీకి పోయి ఇంకో దేశం చూసి పట్టుకురా. ఈసారి కాస్త పెద్దది చూడరా, పొద్దుగూకేదాకా అయిపోకూడదు.”