ఇలియాస్ పాసు చేసిన నావ

చీరాల నుంచి ఓడరేవు వెళ్లే రోడ్డులో ఇలియాస్ కొలిమి అంటే అడ్రసు చెప్పక్కర్లేదు. పర్చూరు వైపు పొగాకు కాల్చే బ్యారన్ల ఇనప సామానైనా, పత్తి బళ్ల ఇరుసులైనా విరిగితే అతని దగ్గరికే. కానీ మనిషికి అసలు పొగరంతా చెవి మీద. బోల్టును సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, లోపల గట్టిగా ఉందో తుప్పు తినేసిందో చెప్పేసేవాడు. ఊడదీసి చూద్దామని ఎవరైనా అన్నారా, ఒంటికాలి మీద లేచేవాడు.

"డాక్టరు నీ గుండె కోసి చూస్తాడా? చెవిపెట్టి వింటాడు. నేనూ అంతే" అనేవాడు. ముప్పై ఏళ్లు ఆ మాట చెల్లింది కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి.

రేవులో అందరూ ఇంజను బోట్లు కొనుక్కుంటుంటే, ఏసోబు మాత్రం తండ్రి వదిలిన తెరచాప నావనే పట్టుకు వేలాడేవాడు. ఆ నావ అడుగున పొడుగునా ఒక దూలం. దాన్ని నావ ఒంటికి పట్టి ఉంచేవి పదకొండు ఇనప బోల్టులు. పైకి నట్లు నిగనిగలాడుతూనే ఉంటాయి. దూలమూ చెక్కా కలిసేచోట, కంటికి కనపడని నడుములో ఉప్పునీరు చేరి ఇనుమును కొరుక్కుతింటుంది. అవి తెగితే సముద్రం మధ్యలో దూలం ఊడిపోతుంది, పలకలు విచ్చుకుంటాయి. అందుకే ఏడాదికోసారి నావను ఇసకమీదికి లాగి, ఇలియాస్ చేత కొట్టించి, నట్లు బిగించి, చుట్టూ గుగ్గిలంలో ముంచిన పత్తి కూరేవారు.

రెండువేల రెండు ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున ఇలియాస్ పదకొండూ కొట్టాడు. ఏడో బోల్టు పక్కన చెక్కమీద ఎర్రటి చార ఉంది.

"ఇదేంటి సాయిబూ, తుప్పు కారింది?" అన్నాడు ఏసోబు.

"పాత చారేలే. మోత బాగుంది. పసుపు పెట్టించుకో."

ఏసోబుది ఆదివారం ఆదివారం చర్చికెళ్లే కుటుంబమే. అయినా సరే, పసుపు పూయందే అతని తల్లి నావను నీళ్లలోకి దిగనివ్వదు. పూశాక అది చేపలతో తిరిగొచ్చేదాకా దానిమీద సుత్తి పడకూడదు. పడితే ఎక్కిన మగాళ్లమీద పడ్డట్టేనని ఆవిడ పట్టింపు. మూడింటికి నావ దిగాలి. ఏసోబుతో కలిపి ఐదుగురు ఎక్కాలి.

ఇలియాస్ ఇంటికొచ్చి స్టవ్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. పెరట్లో మిరపకాయలు తిరగేసి వచ్చిన భార్య రహమతున్నీసా అడిగింది.

"ఏమండీ, కుక్కరు ఎన్ని కూతలేసింది?"

"ఇంకా ఒక్కటీ వెయ్యలేదు."

ఆవిడ గబగబా స్టవ్ ఆపి, అతని మొహంలోకి చూసింది. "పప్పు మాడిపోయింది. పెరట్లో నాకే నాలుగు వినపడ్డాయి. మీరు దీని పక్కనే కదా కూర్చుంది."

ఇలియాస్ కుక్కరు వంక చూశాడు. ఏడాదిగా జనం గొణుగుతున్నారని, సరిగ్గా మాట్లాడి చావరని అందరిమీదా విసుక్కుంటున్నాడు. గొణిగింది వాళ్లు కాదన్నమాట! పొద్దున ఏడో బోల్టు ఎలా మోగిందో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు. వింటే కదా రావడానికి. టైము రెండు దాటింది.

అన్నం ముట్టకుండా సైకిలెక్కాడు. ఏడు కిలోమీటర్లు, ఎదురుగాలి. ఏం చెప్పాలి? ఏదో అనుమానంగా ఉందని చెప్పి ఊరుకోవచ్చు. చెవి సంగతి బయటపడితే రేపటినుంచి కొలిమి గడప ఎవరు తొక్కుతారు? చెప్పకపోతే ఐదుగురు మనుషులు. తొక్కుతున్నంతసేపూ ఇదే రంపపుకోత.

వెళ్లేసరికి జనం నావకు భుజాలు ఆనించి ఉన్నారు. ఇలియాస్ సైకిలు పడేసి, సుత్తి పట్టుకుని ముందుకెళ్లి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆపండి. ఏడోది ఊడదీయాలి."

"సుత్తి లోపల పెట్టు నాయనా" అంది ఏసోబు తల్లి. "పసుపు పూసేశాను."

"పొద్దున బాగుందన్నది నువ్వే కదా సాయిబూ" అన్నాడు ఏసోబు, చిరాగ్గా.

జన్మలో ఎన్నడూ లేనిది, ఇలియాస్ సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఒరేయ్ ఏసోబూ, నాకు వినపడట్లేదురా. పొద్దున నేనేమీ వినలేదు. అలవాటుకొద్దీ బాగుందన్నాను."

ముసలావిడ కొడుకు వంక, మిగతా నలుగురి వంక చూసింది. నావలోకి వంగి, ఏడో నట్టుమీది పసుపును కొంగుతో తుడిచేసింది.

"కొట్టు" అంది.

ఆ బోల్టు కింద ఇసక తవ్వి గొయ్యి చేశారు. ఇలియాస్ నట్టు విప్పి పైనుంచి కొట్టాడు. నాలుగో దెబ్బకు కింది సగం గోతిలో పడింది. పై సగం చెక్కలోనే ఉండిపోయింది. విరిగినచోట చీపురుపుల్లంత ఇనుము కూడా మిగల్లేదు.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. ప్రాణాలు నిలబెట్టావు సాయిబూ అని ఒకడు చెయ్యి పట్టుకున్నాడు. ఇలియాస్‌కు కళ్లు చెమర్చాయి. హమ్మయ్య, పరువు దక్కిందనుకున్నాడు పిచ్చివాడు.

ముసలావిడ అతని దగ్గరికొచ్చి, వినపడాలని గట్టిగా అడిగింది.

"మరి మిగతా పదీ ఏ చెవితో విన్నావు నాయనా?"

పట్టుకున్న చెయ్యి వదిలేశాడు ఆ మనిషి. ఇలియాస్ సుత్తి తిప్పి, పిడి ఏసోబు వైపు పెట్టాడు.

"నువ్వు కొట్టు. ఏటా పక్కన నిలబడి విన్నావు కదా, నీకు తెలుస్తుంది."

ముసలావిడ ముందు నడుస్తూ నట్లమీది పసుపు తుడుస్తుంటే, ఏసోబు మొదటి బోల్టునుంచి మొదలుపెట్టాడు. ఇలియాస్‌కు సుత్తి లేవడం, పడడం మాత్రమే తెలుస్తున్నాయి. అందుకని బోల్టు వంక కాకుండా ఏసోబు మొహం వంక చూస్తూ నిలబడ్డాడు. ఎనిమిదోదాకా ఆ మొహం కదల్లేదు. తొమ్మిదోది కొట్టి, మళ్లీ కొట్టి, ఏసోబు తలెత్తాడు. ఇలియాస్ మోకాళ్లమీద కూర్చుని దాని కింద ఇసక తవ్వడం మొదలుపెట్టాడు.