పచ్చి తుమ్మ కామ

డెబ్బైల చివర్లో, నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య ఉన్న మా ఊళ్లో, పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న నేను కర్ర చెక్కే బాడిస పట్టాను. ఊరికి అదో పెద్ద నేరం.

మా నాన్న వడ్రంగి. ఆ వేసవిలో ఎడ్లబండి మీద నుంచి పడి కుడి భుజం విరిగింది. కట్టు కట్టించినా చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. ఆయనకు కొడుకులు లేరు. జగ్గయ్యపేటలో కుర్చీలూ బల్లలూ చేసే బాబాయి చూడ్డానికి వచ్చి, "దసరా పూజ కాగానే పనిముట్లు నేను పట్టుకుపోతా. ఇక్కడుంటే తుప్పు పట్టడమేగా?" అన్నాడు. నాన్న తల వంచుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ పని నేను చేస్తా," అన్నాను.

"ఆడపిల్ల బాడిస ముట్టుకోడం ఎక్కడన్నా ఉందటే?"

మా ఇళ్లలో దసరాకి పనిముట్లు కడిగి పసుపు రాసేది ఆడవాళ్లు. పూజకి పీట మీద కూర్చునేది మాత్రం వాటితో పనిచేసే మగవాడు.

"పసుపు రాసేటప్పుడు ముట్టుకోవచ్చూ, పని చెయ్యడానికి కూడదా? ఇదేం న్యాయం బాబాయ్?" అన్నాను.

మర్నాడే పొలం గట్టున కొట్టిన తుమ్మ కొమ్మ ఈడ్చుకొచ్చాను. నాన్న అరుగు మీద కూర్చుని చెప్తుంటే చెక్కడం నేర్చుకున్నాను. పచ్చి తుమ్మ బాడిస కింద దోసకాయలా తెగుతుంది. అరచేతులు బొబ్బలెక్కినా ఎవరికీ చూపించలేదు. ఓరోజు నాన్న కట్టు మార్పించుకోడానికి వెళ్లినప్పుడు, పక్క వీధిలో ఉండే కూలాయన పార కామ, అదే కర్ర పిడి, విరిగిందని వచ్చాడు. సాయంత్రానికల్లా కొత్త కామ చెక్కి, బిగించి ఇచ్చేశాను. అబ్బో, ఎంత గర్వమో!

పది రోజులకి ఆయన ఒక చేత్తో పార, ఇంకో చేత్తో కామ పట్టుకుని వచ్చాడు. "గట్టు వేస్తుంటే ఊడి ఎగిరిందమ్మా. జానెడు ఇటు పడితే నా కాలు పోయేది."

ఖర్మ కొద్దీ బాబాయి కూడా అప్పుడు అక్కడే ఉన్నాడు. "కామ తొడగడమంటే జడ అల్లుకోడం కాదే," అని పగలబడి నవ్వాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్న ఆ కామని తిప్పి తిప్పి చూశాడు. "చెక్కుడు బాగానే ఉంది. పచ్చిది తొడిగావు, ఎండి సన్నబడింది. చెక్కేది పచ్చిగా, తొడిగేది ఎండాక. పార బెజ్జంలో దూరే వైపు లావుగా ఉంచు. ఎండలో పడేస్తే పగుల్తుంది, గడ్డివాములో దాచు."

నాలుగు కామలు చెక్కి దాచాను. వానలు మొదలైనా తియ్యలేదు. బొబ్బలు నయం, అవి ఎండేదాకా ఆగడమే నన్ను చంపింది. ఎండాక ఒకటి సరిచేసి ఆ కూలాయన పారకే తొడిగి, "ఈసారి ఊడితే పార మా గుమ్మంలో పారెయ్ పెద్దయ్యా," అన్నాను.

నెల్లాళ్లు మిరప చేలల్లో పని చేశాక ఆయన పార భుజాన వేసుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. మళ్లీ ఊడిందేమోనని కామ వైపే చూశాను. వెనకాల ఇంకో ఇద్దరున్నారు. వాళ్ల పారలకీ కామలు కావాలట.

దసరా పొద్దున బాబాయి గోనెసంచితో దిగాడు. పనిముట్లు కడుగుదామని నేను చెంబు ఎత్తితే నాన్న లాక్కున్నాడు. ఎడమ చేత్తోనే బాడిస కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టాడు. మా ఇంట్లో ఏ మగాడూ అంతకుముందు ఆ పని చెయ్యలేదు. తర్వాత పీట వాల్చి నావైపు చూశాడు.

"కూర్చో," అన్నాడు.

బాబాయి నోరు తెరిచేలోపే కూర్చున్నాను.