మామ పొడిచిన కొర్రమట్ట

నా చిన్నప్పుడు, నైజాం రాజ్యం పోయి మా ఊళ్లలో మగ్గాలు మళ్లీ నిమ్మళంగా ఆడుతున్న రోజుల్లో, మా మేనమామ మమ్మల్ని అడవిలో ఇరికించి, ఆ అడవిలోనే నాకొక మాట నేర్పాడు. నేను బడి మొహం చూడనివాణ్ణి. అక్షరాలు కూడా తర్వాతెప్పుడో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నా అంతట నేను దిద్దుకున్నవే. చేతికి దొరికిన పుస్తకమల్లా చదివాను. మామ చెప్పిన మాట మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మొన్న మా మనవడు ఫోనులో ఒకటి చూపించాడు. ఎవడో అడవిలో కూర్చుని వెదురు చెక్కుతాడు, ఈటె చేస్తాడు, చేపను పొడిచి పైకెత్తి పళ్లికిలిస్తాడు. దాన్ని లోకమంతా మెచ్చుకుంటున్నదట. నాకు ఒళ్లు మండింది. పొద్దున ఇంట్లో తిని వచ్చినవాడికి అడవిలో ఆకలేమిటి? ఆ ఈటె ఎందుకు చేస్తారో, పొడిచాక మనిషి మొహం ఎట్లా ఉంటుందో నేను చూశాను. అది నవ్వే మొహం కాదు.

మాది హుస్నాబాద్ దగ్గరి నేతపని ఇల్లు. మా బాపు మాత్రం ఆసిఫాబాద్ అవతల, అడవి అంచున ఒక ఊళ్లో మగ్గం వేసుకుని గోండు ఆడవాళ్లు కట్టే చీరలు నేసేవాడు. పురుటికి అమ్మమ్మ ఇంటికి వచ్చిన మా అవ్వను, అంటే అమ్మను, మూడో నెల పసిగుడ్డు మా చెల్లెను, నన్ను బాపు దగ్గర దిగబెట్టడానికి మామ బయలుదేరాడు. ఆయన అవ్వకు సొంత అన్న. భాద్రపదం ముసురు. రైలు దిగాక ఎడ్లబండి దొరకలేదు. రెండు వాగులు దాటితే ఊరే, నడుద్దామన్నాడు మామ. అవ్వ వద్దన్నది. ఆయన వినలేదు.

మొదటి వాగు మోకాళ్ల లోతే ఉంది, దాటాం. రెండోదాని దగ్గరికి పోయేసరికి ఎర్రటి నీళ్లు చెట్లను పెరుక్కుని పోతున్నాయి. వెనక్కి తిరిగితే, దాటి వచ్చిన వాగు కూడా అట్లాగే పొంగి ఉంది. నడుమ చిక్కాం.

ఒక బండ చరియ కింద తలదాచుకున్నాం. కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు మరునాటికే అయిపోయాయి. తిండి లేక అవ్వకు పాలు తగ్గాయి. చెల్లె మొదట గుక్కపట్టి ఏడ్చింది, తర్వాత ఏడవడం మానేసింది. ఏడుపు కంటే ఆ ఊరుకోవడమే మా అవ్వను భయపెట్టింది. అన్న వైపు చూసింది. ఆ చూపు మామకు తగిలింది. గొడ్డలి తీసుకుని లేచాడు.

వెదురు బొంగు కొట్టుకొచ్చాడు. బల్లెంలాగా ఒకటే మొన చెక్కమన్నాను నేను. "ఒంటి మొన మీద చేప ఆగది అల్లుడా, జారిపోతది" అని కొసను నాలుగుగా చీల్చి, నడుమ పుల్లలు జొనిపి, మొనలు ఎడం చేసి, నిప్పుకు కాల్చి గట్టిపరిచాడు. చీలిక పైకి పాకకుండా కింద కట్టు కట్టాలి. బాపు మగ్గానికని తెస్తున్న పడుగు నూలు సంచిలో ఉంది. గంజి పెట్టి ఆరబెట్టిన నూలు, తీగలాగా నిలబడుతుంది. దాన్ని వరుస తప్పకుండా చుట్టి ముడి వేశాడు. చూడముచ్చటగా కుదిరింది.

పొంగే వాగులో ఈటె పనికిరాదు, ఆ బురదలో ఏమీ కనబడదు. బండల నడుమ వాననీరు నిలిచి తేటపడిన మడుగు ఒకటి ఉంది. మామ అందులో ఒక చేపను పొడవబోయాడు. గురి తప్పింది సరే, ఈటె పైకి తీసేసరికి కట్టు వదులై పుల్లలు ఊడి, చీలిక ఆయన పిడికిలి దాకా వచ్చింది. నీళ్లు తగిలి గంజి కరిగిపోయింది. పుట్టిందగ్గర్నుంచి నూలుకు గంజి పెట్టిన చేతులు మరి. గంజి లేని నూలు ఆయన లెక్కలో నూలే కాదు.

"ఏందన్నా, చేపకు చీర నేస్తున్నవా?" అన్నది అవ్వ. "గంజి నీళ్లల్ల నిలుస్తదా? తే ఇటు." పసిదాన్ని నా ఒళ్లో వేసి, నూలును నీళ్లలో పిసికి పిసికి గంజి వదిలించింది. మామ కొత్త బొంగు చీల్చాడు. ఇద్దరూ చెరో కొస పండ్లతో పట్టి గుంజి, తడి నూలును వెదురులోకి దిగేలా బిగించారు.

మళ్లీ మడుగు దగ్గరికి పోయాం. నీటిమీద ఎర్రగా, కుంకుమ చల్లినట్టు, ఏదో కదులుతున్నది. కొర్రమట్ట పిల్లలు. వాటి కిందే, ఎటు పోతే అటు, నల్లగా తల్లి. మా దిక్కు చేపలు పట్టేవాళ్లు పిల్లలతో ఉన్న కొర్రమట్టను ముట్టరు. ఎర్రగుంపు కనబడితే వల పక్కకు వేస్తారు. ఆ సంగతి మామే నాకు అంతకుముందు చెప్పాడు.

"మామా, పెద్దది! పొడువు దాన్ని!" అన్నాను.

"పిల్లలున్నయిరా దానికి."

మా వెనక వచ్చి నిలబడ్డ అవ్వ మెల్లగా అడిగింది. "నాకు లేదా అన్నా పిల్ల?"

మామ వెనక్కి తిరగలేదు. నీళ్లలో చేప కనబడినచోట ఉండదు, జానెడు కిందికి గురి పెట్టాలి. అట్లాగే పెట్టి పొడిచాడు. కట్టు వదలలేదు.

ఆకుల్లో చుట్టి కాల్చాం. అవ్వ తిన్నది, నాకు తోక వైపు పెట్టారు. మామ ముట్టలేదు. పోయి మడుగు ఒడ్డున కూర్చున్నాడు. చెదిరిన పిల్లలు మళ్లీ అక్కడికే చేరి తిరుగుతున్నాయి. కొంగ వాలినప్పుడల్లా ఆయన గులకరాయి విసిరి తోలుతున్నాడు.

పొద్దుగూకే ముందు చెల్లె గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు విని అవ్వ నవ్వింది. నేను ఉరికిపోయి మామకు చెప్పాను. ఆయన మొహంలో మార్పు లేకపోయేసరికి, "ఆకలైతేనే కదా మామా పొడిచినం, తప్పేం లేదు" అన్నాను, పెద్దవాడిలాగా.

"ఎందుకు లేదు? ఉన్నది" అన్నాడు. "నా మేనకోడలి కోసం చేసిన. రేపు గిట్లనే అయితే మళ్ల చేస్త. గని తప్పు కాదని మాత్రం నాతోని అనిపియ్యకు అల్లుడా."

వాగులు తగ్గాక ఊరు చేరాం. మా చెల్లె బతికింది, ఇప్పుడు మనవలను ఎత్తింది.

నేను ఆ తర్వాత ఎంతోమందిని చూశాను. కూలి కోసి, అది నేతగాళ్ల మంచికేనన్న సేట్లను చూశాను. ఒకసారి మా పక్క ఊరి పొలాలు తీసుకుంటూ అధికారులు సభ పెట్టి, ఇది అందరి మేలు కోసమని చెప్పి చప్పట్లు కొట్టమన్నారు. నేను లేచి నిలబడ్డాను. "అవసరమైతే తీసుకోండ్రి సారూ, ఆపే బలం మాకు లేదు. గని మంచి చేస్తున్నమని మా నోటితోని అనిపియ్యకుండ్రి" అన్నాను.

ఇల్లు గడవడానికి నేనూ కొన్ని పనులు చేశాను. చేయకుండా ఉండలేకపోయాను. వాటిలో ఒక్కదానికి కూడా మంచి పేరు పెట్టుకోలేదు. అందుకే ఈ వయసులోనూ అవి గొంతులో ముల్లులాగా గుచ్చుకుంటాయి. గుచ్చుకోనీ.