కోర్టు లేని చట్టం

మద్దిలేటిరెడ్డి ఇంటి తలుపులు మూయడు. నలభైరెండులో తెల్లదొరలు విచారణ లేకుండా జైల్లో పెట్టినప్పటినుంచీ మూసిన గదిలో ఆయనకు ఊపిరాడదు. అన్నం కూడా వసారాలోనే, వీధివైపు తిరిగి తింటాడు. మొన్న మద్రాసు శాసనసభలో, ఎవరినైనా విచారణ లేకుండా నిర్బంధించే కొత్త చట్టానికి అనుకూలంగా, ఎదురుపార్టీవాళ్లతోపాటు సభ్యుడిగా ఆయనా చెయ్యెత్తాడు. "బాంబులేసేటోళ్లకప్పా అది, మనకు గాదు," అన్నాడు ఊళ్లో అడిగినవాళ్లతో.

ఈ ఉదయం కోడుమూరు మగ్గాల కూలీల సంఘం నాయకుడు చిన్నన్నను పోలీసులు ఆ చట్టం కిందనే పట్టుకుపోయారు. అతని తల్లి ఉరుకుందమ్మ వచ్చి వసారా ముందు నిలబడింది.

"కూలి పెంచమని అడిగినాడంతే, రెడ్డెప్పా. యా కోర్టుకు పోవల్లో చెప్పు, నడిచిపోతా."

రెడ్డి తింటున్న ముద్దను కంచంలో పెట్టేశాడు.

"ఆ చట్టంలో కోర్టు ల్యాదమ్మా," అన్నాడు.

"అట్లాంటిది ఎవురు చేసినారప్పా?" అని అడిగిందామె.