మెత్తళ్ళు మాడిన పొగ

కరోనా వల్లే మా అపార్ట్‌మెంట్‌లో ఫైర్ అలారాల నిబంధన వాయిదా పడిందని రెండేళ్ళు అందరికీ చెప్పాను. అందులో సగమే నిజం. మిగతా సగం నా వంటింట్లో మాడిపోయింది.

మాది శ్రీకాకుళంలో మూడంతస్తుల అపార్ట్‌మెంట్. ఇంటింటికీ అలారం ఉండాలని సంఘం తీర్మానించింది. కార్యదర్శిని నేనే. అలారాల పెట్టెలు వచ్చిన వారానికే లాక్‌డౌన్ పడింది. బిగించే మనిషి రాలేనన్నాడు. ఆగితే నేను నేనెందుకవుతాను? ఉపగ్రహం పంపుతున్నంత గంభీరంగా నిచ్చెనెక్కి, మా అంతస్తు వరండాలో ఒకటి బిగించేశాను.

మా ఆవిడ కోటబొమ్మాళిలో పుట్టింట చిక్కుకుపోయింది. ఆ సాయంత్రం మెత్తళ్ళనే చిన్న ఎండు చేపలు పెనం మీద వేసి, అలారం గొప్పతనం గురించి ఆవిడకు ఫోన్లో ఉపన్యాసం మొదలుపెట్టాను. పొగ గుమ్మం దాటింది. అలారం కూత పెట్టింది. ఒకరి గాలి ఒకరు పీల్చని ఆ రోజుల్లో ఇరవైమంది మాస్కులు మరచి మెట్ల మీద ఒకరినొకరు తోసుకున్నారు. పెనం సింకులో పడేసి, ఏమీ ఎరగనట్టు నేనూ వాళ్ళ వెనకే దిగాను.

ఎదురింటి సన్యాసమ్మ పిన్ని చేతిలో మాత్రం వేపాకు పొగ మూకుడు ఉంది. రోగం రాకూడదని రోజూ అందరి గుమ్మాలకూ పొగ పట్టేది ఆవిడే.

"ఏటి పిన్నీ, రోగం కంటే ముందు నువ్వే మమ్మల్ని సంపేస్తావేటి?" అన్నాడు కింది వాటా అప్పారావు. మిగతావాళ్ళూ తలో మాటా అన్నారు. ఆవిడ నా వైపు చూసింది. నేను వాన పడుతుందేమోనని ఆకాశం వైపు చూశాను.

ఇంటింటా పొగ వేసే రోజుల్లో అలారాలేమిటని అందరూ విసుక్కుంటే, 'కరోనా తగ్గేవరకు వాయిదా' అని మర్నాడే కాగితం అంటించాను. పిన్ని పొగ వేయడం మానేసింది. వరండాలోకి కబుర్లకు రావడమూ మానేసింది.

రెండేళ్ళకు అలారాల కోసం మళ్ళీ సమావేశం పెట్టాం. ఆ ఉదయం పిన్ని గుమ్మం ముందు నిలబడి నిజం చెప్పేశాను. ఆవిడ చేటలో బియ్యం ఏరడం ఆపలేదు.

"నాకు తెల్దేటి? సేపలమ్మిన ఇంట పుట్టినాను. మాడిన మెత్తళ్ళేవో యాపాకేదో తెల్దనుకున్నావా?"

"మరప్పుడే సెప్పలేదేటి పిన్నీ?"

"నువ్వే సెప్తావని సూసినాను. ఇప్పుడు నా సెవిలో సెప్తే ఏటి లాభం? అందరి ముందూ నన్నన్నారు. అందరి ముందే సెప్పు."

సమావేశంలో మెత్తళ్ళ కథ మొదటినుంచీ చెప్పాను. ఇకపై అలారం మోగితే ముందు నా పొయ్యి చూసుకున్నాకే మెట్లు దిగుతానని కార్యదర్శి పదవి సాక్షిగా ప్రమాణం చేశాను. నవ్వులు ఆగేదాకా ఆగి, పిన్ని వైపు తిరిగాను.

"ఆ పొగ నాదే పిన్నీ. అందరూ నిన్నంటుంటే నోరు మూసుకున్నాను. తప్పయిపోనాది. క్షమించు."