కాడ మొదట్లో నిలవని ముగ్గు

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఉద్యోగమంతా ఆసుపత్రుల్లో కాంపౌండరుగా చేశాను. శవాల గది పక్క వరండాలో కూర్చుని క్యారేజీ విప్పుకుని అన్నం తిన్నవాణ్ణి. ఎన్నడూ ఏమీ కనిపించలేదు, వినిపించలేదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటున్నవాణ్ణి గనుక, జరిగింది జరిగిన వరసలో రాస్తున్నాను.

పంతొమ్మిది వందల ముప్ఫైల నడిమి సంగతి ఇది. ఏలూరులో ఒక ఆసుపత్రిలో కాంపౌండరు పని నేర్చుకుంటున్నాను. కాలవ గట్టు దగ్గర చిన్న పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. మా అమ్మ, నేను, నా భార్య మాణిక్యం. ఆమె పుట్టిల్లు కొల్లేటి లంకలో. దోనె ఎక్కితే తప్ప చేరలేని ఊరు.

పరీక్షలో కంటి భాగాల పేర్లు ఇంగ్లీషులో చెప్పాలి. కార్నియా, ఐరిస్, కోరాయిడ్, రెటీనా. ఒకటి వస్తే ఒకటి పోయేది. పుస్తకంలో కుడి కన్నును అడ్డంగా కోసి చూపించిన బొమ్మ ఉండేది. మాణిక్యానికి చదువు రాదు గాని బొమ్మ ఒకసారి చూస్తే చాలు. మర్నాడు తెల్లవారేసరికి పెరట్లో కల్లాపి చల్లి, ముగ్గుపిండితో ఆ కన్నును చాపంత వెడల్పున దించేసింది. పెద్ద గుండ్రం, ముందు ఉబ్బు, లోపల గింజలా లెన్స్, వెనక నుంచి పొడుగ్గా చూపు నరం, ఆప్టిక్ నెర్వ్. నేను దాని చుట్టూ తిరుగుతూ పేర్లు చెప్పాలి.

మా అమ్మ చూసి, "వాకిట్లో ఏ పద్మమో వేసుకోక, ఈ కాడున్న వంకాయేమిటే?" అంది.

"వంకాయ కాదండీ అత్తయ్యగారూ, మీ అబ్బాయిగారి పరీక్ష."

"అయితే పుచ్చు లేకుండా చూసుకో."

ముగ్గురం నవ్వాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆప్టిక్ నెర్వ్ పేరు కాడ.

రోజూ పొద్దున్నే అదే పని. నేను తప్పితే మాణిక్యం పట్టుకునేది. "కోరాయిడ్ మింగేశారండీ. మళ్ళీ మొదట్నించీ రండి" అనేది. వినీ వినీ ఆ పేర్లన్నీ ఆమెకూ వచ్చేశాయి.

కొన్ని వారాలకు ఒక పొద్దున్న అంది. "ఏవండీ, కాడ మొదట్లో పిండి నిలవడంలేదండీ."

వెళ్ళి చూశాను. కాడ గుండ్రాన్ని కలిసే చోట బొటనవేలంత మేర ఉత్త నేల. కాడ తెగిన వంకాయలా ఉంది బొమ్మ. ఆమె మళ్ళీ పిండి పోసింది. నా కళ్ళముందే పోసింది. లెన్స్ దిద్ది వచ్చేసరికి అక్కడ లేదు.

నాకు తోచిన పరీక్షలన్నీ చేశాను. చీమలా అంటే, అది బియ్యప్పిండి కాదు, రాతిపిండి. గాలా అంటే, గాలి ఒక్క చోటునే ఎందుకు ఎత్తుకుపోతుంది? పెరట్లో ఇంకోమూల అలికించి వేయించాను. అక్కడా అంతే. నేను పోస్తే నిలిచేది. ఆమె పోస్తే నిలిచేది కాదు. పక్కనే గొంతుక్కూర్చుని చూశాను. పిండి మాయమవుతుండగా మాత్రం ఎన్నడూ చూడలేకపోయాను. అమ్మ పిలిచిందని తల తిప్పి మళ్ళీ చూస్తే, తడి నేల.

ఆ తరవాతే, మా మామగారి ఊరికి దోనె మీద వెళుతున్నప్పుడు, మాణిక్యం మామూలుగానే అంది. "కొంగలన్నీ ఈసారి ఎడంపక్కకే చేరాయేమిటండీ?"

కుడిపక్కన కూడా కొంగలున్నాయి. నీళ్ళు తెల్లబడేటన్ని ఉన్నాయి.

తిరిగి రాగానే మా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పెద్ద డాక్టరుగారు చీకటి గదిలో దీపం పెట్టి చాలాసేపు చూశారు. తరవాత నాతో ఇంగ్లీషులో మాట్లాడారు. రోగికి తెలియకూడదని వారి ఉద్దేశం. రెటీనా బాగానే ఉందన్నారు. లెన్స్ బాగానే ఉందన్నారు. కుడి కంటి ఆప్టిక్ నెర్వ్ మొదట్లో ఎండిపోతోందన్నారు. దానికి మందు లేదనీ, రెండో కంటి సంగతి చెప్పలేమనీ అన్నారు. మాణిక్యం స్టూలు మీద తల వంచుకుని కూర్చుంది.

వరండాలోకి వచ్చాక అడిగింది. "కాడేగా అండీ?"

నేను గోడకు ఆనించిన గొడుగు తీసుకున్నాను.

"మొదట్లోనేనా?"

అవునన్నాను. ఆ పేర్లు ఆమెకు రాకుండా ఉంటే ఆ రోజు ఏదో ఒక అబద్ధం చెప్పి ఇంటికి తీసుకొచ్చేవాణ్ణి.

మామగారు కొర్రమీను తలలు తెచ్చేవారు, కళ్ళకు మంచిదని. అమ్మ మొక్కులు మొక్కింది. ఏదీ పనిచేయలేదు. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఆ వారం నుంచి ఆ బొమ్మలో పిండి చక్కగా నిలిచింది.

నేను పరీక్ష ప్యాసయ్యాను. తాడేపల్లిగూడెంలో ఉద్యోగమిచ్చారు. ఏలూరు పెరడు నల్లమట్టి, గూడెంలో మా పెరడు ఎర్రమట్టి. కొత్త నేల గదా అని లోపల ఎక్కడో ఆశ. ఇక ఆ ముగ్గు వద్దన్నాను. మాణిక్యం వినలేదు. "మిగిలింది ఇదొక్కటేగా అండీ. రోజూ పలకరించుకుంటే తప్పేమిటి?" అని బొమ్మ తిరగేసి ఎడమ కన్ను వేయడం మొదలుపెట్టింది.

చాలా నెలలు నిలిచింది. నేను లేస్తూనే పెరట్లోకి వెళ్ళి, కాడ మొదలు చూసుకుని, ఆ తరవాతే మొహం కడుక్కునేవాణ్ణి.

ఒక పొద్దున్న ఆమె ముగ్గు వేసి పొయ్యి ముట్టించడానికి లోపలికి వెళ్ళింది. నేను వెళ్ళి చూశాను. కాడ మొదట్లో ఎర్రటి నేల.

కొబ్బరిచిప్పలో మిగిలిన పిండి తీసి, ఆ చోటు నేనే పూడ్చాను. నేను పోసినది నిలిచింది. చిప్ప యథాస్థానంలో పెట్టి, పళ్ళు తోముకుంటున్నట్టు నుయ్యి దగ్గర నిలబడ్డాను.

మాణిక్యం వచ్చింది. ఉన్న కన్ను నేలకు దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది.

"ఇక్కడ పోసింది మీరండీ."

"నేనెందుకు పోస్తాను?"

"మీ గీత లావండీ."

గడప మీద కూర్చుని వేళ్ళకంటిన పిండి కొంగుతో తుడుచుకుంది. లేస్తూ, "అత్తయ్యగారితో అనకండి" అంది.

ఆ ఏడు తిరక్కుండానే రెండో కన్నూ పోయింది. తరవాత కూడా ఎన్నో ఏళ్ళు, నేల తడుముకుంటూ ఆ కన్ను వేసేది. ఎందుకని నేను అడగలేదు. అన్ని చోట్లా పిండి నిలిచేది. ఇక పోవలసినది ఏమీ లేదు గదా.

చూపు తగ్గుతున్న మనిషి కాబట్టి ఆ చోట పిండి పోయడం మరిచి ఉంటుందని నాకు తెలిసిన డాక్టర్లు అన్నారు. ఆ చోట ఆమె పోయడం నేను చూశాను. పైగా అక్కడ పిండి లేదని మొదట గుర్తుపట్టింది ఆమే. ఇంతకు మించి నా దగ్గర వివరణ లేదు. ఆమె పోయి చాలా కాలమైంది. కంటి భాగాల పేర్లు ఇప్పటికీ వరసగా చెప్పగలను. కాడ దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతాను. ఆ పిండి ఎక్కడికి పోయిందో నాకు తెలియదు.