ఒక దెబ్బంటే ఆపు, రెండంటే పోనీ

నిన్న పొద్దున అమ్మ ఫోన్. "మామ పోయినాడు పాపా" అంది, అంతే.

హార్ట్ ఎటాక్ అంట. మా ఓబులేసు మామ, అమ్మ తమ్ముడు.

నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. నాలుగేళ్ళు నిండినా నాకు మాటలు రాలేదు. కోపం మాత్రం కరెక్ట్ టైమ్‌కి వచ్చింది. కొరికేదాన్ని. గోడకి తల కొట్టుకునేదాన్ని. అవ్వ నాలుక మీద వస రాసి రాసి అలిసిపోయింది. నాన్న నా వీపు మీద నాలుగు వేసేవాడు. ఊరంతా మొండిఘటం అనేది.

అవి మైనింగ్ రోజులు. మామ యశ్వంతనగర్‌లో ఇనుప ఖనిజం మోసే ఓర్ లారీ తోలేవాడు. ఖాళీ లారీతో మా ఊరు కురుగోడు వస్తే నన్ను కేబిన్‌లో కూర్చోబెట్టి ఒక రౌండ్ తిప్పేవాడు. ఎర్రదుమ్ముతో దిగేదాన్ని. తిట్లు ఇద్దరికీ.

ఇంజిన్ శబ్దంలో క్లీనర్ అరిస్తే వినపడదు కదా, అందుకే లారీ బాడీ మీద కొడతాడు. ఒక దెబ్బంటే ఆపు, రెండంటే పోనీ. మామ అది నాకు నేర్పాడు. నేను డోర్ మీద ఒకటి కొడితే లారీ ఆపేవాడు. ఎన్నిసార్లు కొట్టినా ఆపేవాడు, విసుక్కోకుండా.

తర్వాత బాలవాడిలో ఒక పిల్లని కొరికాను. రేపట్నుంచి పంపొద్దని టీచర్ చెప్పేసింది. అమ్మ ఒకటే ఏడుపు. మామ లుంగీ మీదే పోయి టీచర్ ముందు నిలబడ్డాడు.

"పాపది పొగరు కాదు మేడం. చాలు అని చెప్పేకి నోట్లో మాట ల్యా. బల్ల మీద ఒకటి కొడితే చాలని అర్థం. అప్పుడు కొంచేపు ఇడ్సిపెట్టండి."

టీచర్ నవ్వింది. కానీ ఆ మధ్యాహ్నం నేను బల్ల మీద కొడితే నిజంగానే ఆగింది. పిల్లల్ని పక్కకి జరిపింది. నేనెవర్నీ కొరకలేదు. నా స్కూల్ నాకు ఉండిపోయింది.

మాటలు ఐదు దాటాక వచ్చాయి. మొదటి మాట 'మామ' కాదు, 'వద్దు'. దాన్ని నా పెళ్ళిలో మైకు పట్టుకుని మరీ చెప్పాడు మహానుభావుడు. ఇప్పుడు నా వాగుడు ఆపడానికి మా ఆయన టేబుల్ మీద కొడతాడు.

నిన్న మధ్యాహ్నం నేను ఊరు చేరేసరికి మామ తోటి డ్రైవర్లంతా కలిసి లారీకే పూలు కట్టి తెచ్చారు. మామని ఎక్కించారు. ఆడవాళ్ళం గేటు దగ్గరే ఆగిపోయాం.

లారీ కదిలింది. పోయి లారీ బాడీ మీద ఒకటి కొట్టాను.

డ్రైవర్ ఆపేశాడు.

కొంచేపు అట్లే చెయ్యి పెట్టుకుని ఏడ్చాను.

తర్వాత రెండు కొట్టాను.

ఇంక లోడ్ లేదు మామా. నిమ్మళంగా పో. నీ ప్రాణానికి శాంతి దొరకాల.